పళ్ళెం అంచు, సత్యభామ వంతు

తరంగం సగానికి వచ్చేసరికి రంగస్థలం మీదికి ఇత్తడి పళ్ళెం ఒకటి వస్తుంది. నర్తకి గజ్జెల కాళ్ళు రెండూ దాని అంచు మీద మోపి, కాలివేళ్ళతో అంచును పట్టుకుని నిలబడుతుంది. మృదంగం జతి పలుకుతుంది. ఆ జతికి సరిగ్గా పళ్ళెం కదులుతుంది. ముందుకు, వెనక్కి, పక్కకు, ఒక్కోసారి గుండ్రంగా. కొందరు నెత్తిన నీళ్ళ చెంబు కూడా పెట్టుకుంటారు. ఇంత జరుగుతున్నా చూపు కిందికి వాలదు. ముఖంలో వెన్నదొంగ కృష్ణుడి అల్లరి చెడకూడదు, తాళం తప్పకూడదు, చెంబులో నీళ్ళు తొణక్కూడదు. నారాయణతీర్థుల కృష్ణలీలా తరంగిణిలోని పాటలకు కూచిపూడివాళ్ళు చేర్చుకున్న ఈ పళ్ళెం ఇప్పుడు ఆ నాట్యానికే గుర్తు అయిపోయింది. ఇది గారడీ, నాట్యం కాదు అని తీసిపారేసే రసికులూ ఉన్నారు. వాళ్ళ మాటలో కొంత నిజం లేకపోలేదు. కానీ ఏకాగ్రత గురించి అధ్యాయం రాయడానికి కూర్చున్న నాకు అంతకన్నా మంచి ఉదాహరణ కనిపించలేదు.

ఎందుకంటే అక్కడొక చిక్కు ప్రశ్న ఉంది. ఆ సమయంలో నర్తకి మనసు ఎక్కడ పెట్టాలి? పాదం మీదా, పళ్ళెం మీదా?

రెండూ ఒకటే కదా అనిపిస్తుంది. పాదాన్ని అంటుకునే పళ్ళెం ఉంది. మధ్య వెంట్రుకవాసి ఎడం కూడా లేదు. ఆ మాత్రం తేడాకే ఫలితం మారుతుందని 1998లో గాబ్రియేల్ వుల్ఫ్, ఆమె సహచరులు ఒక ప్రయోగంలో చూపారు. మంచు మీద జారే ఆట సాధన చేయడానికి ఒక యంత్రం ఉంటుంది. వంపు తిరిగిన పట్టాల మీద చక్రాల పీట, దానిపైన నిలబడి కుడికీ ఎడమకీ ఊగుతూ జారాలి. కొందరికి "బయటివైపు పాదంతో బలంగా నొక్కండి" అని చెప్పారు. మరికొందరికి "బయటివైపు చక్రాలను నొక్కండి" అన్నారు. ఆ చక్రాలు సరిగ్గా పాదాల కిందే ఉన్నాయి. మూడో గుంపుకి ఏమీ చెప్పలేదు. సాధన ముగిశాక ఎవరికీ ఏ సూచనా ఇవ్వకుండా పరీక్ష పెట్టారు. చక్రాల మీద మనసు పెట్టినవాళ్ళు ముందున్నారు. పాదాల మీద మనసు పెట్టినవాళ్ళకి, ఏమీ చెప్పనివాళ్ళ కన్నా ఒరిగిందేమీ లేదు.

వుల్ఫ్ ఇచ్చిన వివరణ ఇది. అలవాటైన కదలికలను నడిపే పనిలో ఎక్కువ భాగం చిన్నమెదడు, మెదడు లోతుల్లో ఉండే బేసల్ గాంగ్లియా మనకు తెలియకుండానే చూసుకుంటాయి. మెట్లు దిగుతూ ఏ మోకాలు ఎప్పుడు వంచాలా అని ఆలోచించి చూడండి, కాలు తడబడుతుంది. తన ఒంటికి తానే కాపలా కాయడం మొదలుపెట్టినవాడు, సాఫీగా సాగే పనికి తానే అడ్డు పడతాడు. మనసు పని మీద ఉంటే ఒళ్ళు తన దారి తాను చూసుకుంటుంది. ఈ పద్ధతి వల్ల లాభం మొదట అనుకున్నంత ఉందా అని ఇటీవల కొందరు పరిశోధకులు పాత లెక్కలన్నీ తిరగేస్తున్నారు. సైన్సులో అది జరగాల్సిందే. నాకు మాత్రం అందులోని ఒక సూచన విలువైనదిగా తోస్తుంది. స్వీయాభివృద్ధి పేరుతో వచ్చే పుస్తకాలు, ఉపన్యాసాలు మనిషి చూపును అస్తమానం తనమీదికే తిప్పుతాయి. నా సంకల్పం, నా లోపం, నా వ్యక్తిత్వం అంటూ. పళ్ళెం మీద నిలబడిన మనిషి అలా తన్ను తాను తడుముకుంటూ కూర్చుంటే నీళ్ళ చెంబు కిందపడుతుంది.

సింహనందిని అని మరొకటి ఉంది. నేల మీద రంగుపొడి పోసి, పైన గుడ్డ పరుస్తారు. నర్తకి దానిమీద అడుగులు వేస్తూ పాదాలతోనే సింహం బొమ్మ గీస్తుంది. తాళం ఒక ఆవర్తనం పూర్తయ్యేసరికి 128 అక్షరాలు. బొమ్మ తన కాళ్ళ కిందే తయారవుతున్నా చూసుకుని సరిదిద్దుకునే వీలు ఉండదు. మొదట కాలికి ఒంటబట్టాలి, తర్వాత తాళాన్ని నమ్మాలి. 128 అక్షరాల పొడుగునా మనసు ఒక్కసారి పక్కకు పోతే, మళ్ళీ ఏ అక్షరం దగ్గర అందుకోవాలో తెలియదు.

మనసు పక్కకు పోవడం అంటే ఏమిటో డెల్టా రైతుకు విడమర్చి చెప్పనక్కర్లేదు. కాలువ చివరి భూములవాళ్ళకి తెలుసు, పైన ఎన్ని తూములు ఎత్తితే కింద పొలానికి అంత తక్కువ నీరు. సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో సరిగ్గా ఈ నష్టాన్నే కొలిచింది. ఒక పని మధ్యలో ఆపి ఇంకో పనిలోకి మారినప్పుడు మనసులో కొంత భాగం పాత పని దగ్గరే ఉండిపోతుంది. కొత్త పనికి మిగిలింది మాత్రమే అందుతుంది. పాఠం చదువుతూ మధ్యమధ్య ఫోను చూసుకునే పిల్లవాడు 'రెండు నిమిషాలే కదా' అంటాడు. నిమిషాల లెక్క సరే. తిరిగి వచ్చేటప్పుడు మనసంతా తిరిగి రాలేదు, అదీ నష్టం.

ఇక ఊళ్ళోకి వద్దాం. కూచిపూడి కృష్ణా జిల్లా మొవ్వ మండలంలో ఉంది. పామర్రు నుంచి చల్లపల్లి వెళ్ళే దారిలో తగులుతుంది. ఊళ్ళో బాలాత్రిపురసుందరీ సమేత రామలింగేశ్వరస్వామి గుడి, ఆ గుడి చుట్టూ అల్లుకున్న భాగవతుల కుటుంబాలు. వేదాంతం, వెంపటి, చింతా, పసుమర్తి, మహంకాళి, భాగవతుల. ఇంటిపేర్లు చదువుతుంటేనే నాట్య చరిత్ర చదివినట్టుంటుంది. పదకర్త క్షేత్రయ్యదని చెప్పుకునే మొవ్వ పక్కనే. జాతీయ జెండాకు రూపం దిద్దిన పింగళి వెంకయ్య పుట్టిన భట్లపెనుమర్రు కూడా ఈ మండలమే. ఇంత చిన్న మేరలో ఇన్ని ఎలా పండాయో అని దివిసీమ వైపు వెళ్ళేవాళ్ళు ఆశ్చర్యపోతుంటారు.

ఆ ఇళ్ళల్లో పిల్లవాడి చదువు అడుగులతో మొదలవుతుంది. అరమండిలో కూర్చున్నట్టు నిలబడి, ఒకే అడుగును మూడు కాలాల్లో వేయాలి. ముందు నెమ్మదిగా, తర్వాత రెట్టింపు, ఆ తర్వాత దానికి రెట్టింపు. గురువు కర్రతో తాళం వేస్తూ ఉంటాడు. మూడో కాలంలో మడమ తేలిపోతుంది, మోకాళ్ళు దగ్గరికి వచ్చేస్తాయి, నడుం లేచిపోతుంది. కర్ర ఆగుతుంది. "మళ్ళీ మొదటి కాలం." అంతే మాట. తప్పు ఎక్కడ జరిగిందో చూపించి, అక్కడినుంచే మళ్ళీ కట్టించడం. కూచిపూడిలో అడుగుతోనే పని అయిపోదు, గొంతు విప్పి పాడాలి, సంభాషణ పలకాలి. వాచికం బలంగా ఉన్న నాట్యం ఇది. కాలు, చెయ్యి, కన్ను, గొంతు నాలుగూ ఒక్కడికే రావాలి.

ఇలాంటి సాధనను ఒక శాస్త్రంగా చదివినవాడు స్వీడన్‌లో పుట్టి అమెరికాలో పనిచేసిన ఆండర్స్ ఎరిక్సన్. 1993లో అతనూ ఇద్దరు సహచరులూ పశ్చిమ బెర్లిన్ సంగీత విద్యాలయంలోని వయొలిన్ విద్యార్థుల మీద చేసిన అధ్యయనం వెలువడింది. అత్యుత్తములు, మంచివాళ్ళు, టీచర్లు కాబోయేవాళ్ళు అని మూడు గుంపులు. పద్దెనిమిదేళ్ళ వయసు వచ్చేసరికి ఎన్ని గంటలు ఒంటరిగా సాధన చేశారని ఆరా తీస్తే సగటున వరసగా 7,410, 5,301, 3,420 అని తేలింది. తర్వాత మాల్కం గ్లాడ్‌వెల్ 2008లో రాసిన పుస్తకంతో ఇదే 'పదివేల గంటల సూత్రం'గా లోకమంతా పాకింది. మన కోచింగ్ సెంటర్ల గోడల దాకా వచ్చింది. ఎరిక్సన్ మాత్రం గంటల లెక్కే సర్వం అని ఎప్పుడూ అనలేదు, ఆ ప్రచారం మీద చిరాకుపడ్డాడు కూడా. తనకు రానిదాన్ని ఎంచుకుని, తప్పు చూపించేవాళ్ళ ఎదుట, అలసిపోయేటంత శ్రద్ధతో చేసేదే సాధన అన్నాడు. ఆ అత్యుత్తమ విద్యార్థులు రోజంతా వాయించలేదు. గంటా గంటన్నర వాయించి ఆపేవాళ్ళు, మధ్యాహ్నం కునుకు తీసేవాళ్ళు. ఈ కునుకు సంగతి మాత్రం ఏ కోచింగ్ సెంటర్ గోడ మీదా రాయరు.

తర్వాత వచ్చినవాళ్ళు ఎరిక్సన్ లెక్కలకు కొంత కోత పెట్టారు. బ్రూక్ మాక్‌నమారా, ఆమె సహచరులు 2014లో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, మనిషికీ మనిషికీ మధ్య ప్రతిభలో కనిపించే తేడాలో సాధనతో వివరించగలిగింది సంగీతంలో 21 శాతం, ఆటల పోటీల్లో 18 శాతం, చదువులో 4 శాతం మాత్రమే. మిగతాది ఎక్కడిది? పుట్టుకతో వచ్చినది కొంత, మొదలుపెట్టిన వయసు కొంత, దొరికిన గురువు కొంత, ఇంటి పరిస్థితి కొంత. కష్టపడితే ఎవరైనా ఏదైనా సాధించగలరు అనే మాట వినడానికి బాగుంటుంది. అది పిల్లవాడికి ధైర్యం ఇవ్వొచ్చు, ఓడిపోయినప్పుడు అంతకు రెట్టింపు నేరభావమూ ఇవ్వొచ్చు.

సాధన ఎలా చేయాలనే విషయంలో మాత్రం శాస్త్రం కాస్త గట్టిగానే మాట్లాడుతుంది. 1979లో జాన్ షే, రాబిన్ మోర్గన్ అనే ఇద్దరు మూడు రకాల చేతి కదలికలు నేర్పారు. కొందరికి మొదటిది పూర్తిగా అయ్యాకే రెండోది, అది అయ్యాక మూడోది. మరికొందరికి మూడూ కలగాపులగంగా. నేర్చుకునేటప్పుడు మొదటి గుంపు చకచకా ముందుకుపోయింది. రెండో గుంపు తడబడింది. పది రోజుల తర్వాత మళ్ళీ పిలిచి చూస్తే తారుమారయింది. తడబడినవాళ్ళకే బాగా గుర్తుంది. ఇవాళ సులువుగా వచ్చేసిందనే తృప్తి రేపటికి మిగలకపోవచ్చు. ఒకే అడుగు ఒకే వేగంలో వందసార్లు వేయించకుండా కాలాలు మార్చి, వరసలు మార్చి వేయించే గురువు పిల్లవాణ్ణి సతాయిస్తున్నట్టే కనిపిస్తాడు. ఆ సతాయింపులో పని జరుగుతోంది.

సరే, పొద్దున్నే లేచి ఆ అరమండిలోకి దిగడానికి పిల్లవాడికి సంకల్పబలం ఎక్కణ్ణుంచి వస్తుంది? ఇక్కడే జనంలో నాటుకున్న ఒక అభిప్రాయాన్ని కదిలించాలి.

సంకల్పం అనేది వాడేకొద్దీ తరిగిపోయే సరుకు అని 1998లో రాయ్ బామైస్టర్ బృందం ఒక ప్రయోగం చేసి చెప్పింది. అప్పుడే కాల్చిన చాక్లెట్ బిస్కట్లు ఎదురుగా ఉంచి, తినకుండా ముల్లంగి ముక్కలే తినమన్నారు కొందరిని. తర్వాత తెగని గీతల చిక్కుముడి ఇస్తే వాళ్ళు తొందరగా చేతులెత్తేశారు. నోరు కట్టుకోవడంలోనే సంకల్పమంతా ఖర్చయిపోయిందన్నమాట. ఈ కథ చాలా పేరు పొందింది. 2016లో ఈ సిద్ధాంతాన్ని మరో పరీక్షతో 23 ప్రయోగశాలల్లో, 2,141 మంది మీద ఒకేసారి పరీక్షిస్తే ప్రభావం దాదాపు సున్నాకి వచ్చింది. దాంతో సిద్ధాంతం పూర్తిగా చచ్చిపోయిందని అనలేం. కానీ దాన్ని పట్టుకుని 'నా సంకల్పం అయిపోయింది' అని సాయంత్రం పుస్తకం మూసేసే హక్కు మాత్రం పోయింది.

ఇంకో పేరున్న ప్రయోగం మార్ష్‌మెలో మిఠాయిది. స్టాన్‌ఫర్డ్‌లో వాల్టర్ మిషెల్ చిన్నపిల్లల ముందు ఒక మిఠాయి పెట్టి, తినకుండా ఆగితే రెండు ఇస్తామన్నాడు. ఆగినవాళ్ళు పెద్దయ్యాక బాగా చదువుకున్నారని తర్వాతి లెక్కల్లో తేలింది. ఓపిక ఉన్నవాడే పైకొస్తాడని అందరూ సంతోషించారు. 2018లో 900 మందికి పైగా పిల్లల వివరాలతో మళ్ళీ చూస్తే, ఇంటి ఆర్థిక స్థితి, తల్లి చదువు లాంటివి లెక్కలోకి తీసుకున్నాక ఆ సంబంధం చాలావరకు కరిగిపోయింది. అంతకన్నా నాకు నచ్చింది 2013లో సెలెస్ట్ కిడ్, ఆమె సహచరులు చేసిన చిన్న ప్రయోగం. మొత్తం 28 మంది పిల్లలు. ముందుగా పెద్దమనిషి ఒకరు వచ్చి, బొమ్మలు వేసుకోవడానికి మంచి సామగ్రి తెచ్చిస్తామని మాట ఇస్తారు. సగం మందికి తెచ్చి ఇస్తారు. మిగతా సగం మందికి "లేదమ్మా, దొరకలేదు" అని చేతులూపుకుంటూ వస్తారు. ఆ తర్వాత మిఠాయి పరీక్ష. మాట నిలబెట్టుకున్నవాళ్ళ దగ్గర పిల్లలు సగటున పన్నెండు నిమిషాలు ఆగారు. మాట తప్పినవాళ్ళ దగ్గర మూడు నిమిషాలు. ఆగకపోవడం ఆ పిల్లల గుణలోపమా, తెలివైన అంచనానా?

ఈ ప్రశ్న పట్టుకుని కూచిపూడి పాత కథ ఒకటి చదవాలి. గోల్కొండ సుల్తాను అబుల్ హసన్ తానీషా ఆ ఊరి భాగవతుల ఆట చూసి మెచ్చి, ఊరిని వాళ్ళకు అగ్రహారంగా ఇచ్చాడని పరంపరగా చెప్పుకుంటారు. తానీషా పాలన 1672 నుంచి 1687 వరకు. కథలో అలంకారం ఎంత ఉన్నా, దాని వెనక లెక్క సూటిగా ఉంది. ఆట సాగినన్నాళ్ళూ కూడు ఉంటుంది. పదేళ్ళు అడుగులు వేయించుకునే పిల్లవాడికి, ఆ పదేళ్ళ తర్వాత మేళంలో చోటు ఉంటుందన్న నమ్మకం కళ్ళెదురుగా కనిపించేది. నాన్నా, బాబాయీ, తాతా ఆ చోట్లోనే ఉన్నారు. అలాంటి నమ్మకం ఉన్నచోట పట్టుదల పుట్టడం సులువు. ఈ మాట పిల్లలకు నీతులు చెప్పే పెద్దలు వినాలి. మీరు చెప్పిన మాట మీరు నిలబెట్టుకున్న ప్రతిసారీ పిల్లవాడి ఓపిక కాస్త పెరుగుతుంది. తప్పినప్పుడల్లా తరుగుతుంది.

ఇక బాధ్యత సంగతి. ఈ ఊరికి సంబంధించి నన్ను అన్నిటికన్నా ఎక్కువగా ఆలోచనలో పడేసింది ఇదే.

సిద్ధేంద్రయోగి భామాకలాపం రచించి, కూచిపూడి కుటుంబాల్లో పుట్టిన ప్రతి మగపిల్లవాడూ జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలని మాట తీసుకున్నాడంటారు. ఆయన జీవితం గురించి చరిత్రకు అందే ఆధారాలు తక్కువ, కథలు ఎక్కువ. మాట మాత్రం ఊరిని కొన్ని తరాలపాటు నడిపింది. అందులోని ఏర్పాటు చూడండి. 'ఈ కళను ఊరంతా కాపాడుకోవాలి' అని ఆయన అనలేదు. ప్రతి ఒక్కడూ, ఒక్కసారైనా, ఒకే వేషం. ఎవడి వంతు వాడిదే. నా వంతు అన్నయ్య చేసేశాడులే అనడానికి లేదు.

పని అందరిదీ అన్నప్పుడు ఏమవుతుందో 1979లో బిబ్ లటానే, కిప్లింగ్ విలియమ్స్, స్టీఫెన్ హార్కిన్స్ కొలిచారు. మనుషుల్ని కూర్చోబెట్టి, కళ్ళకు గంతలు కట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, గట్టిగా అరవమన్నారు. కొన్నిసార్లు 'నువ్వొక్కడివే' అని చెప్పారు. కొన్నిసార్లు 'నీతోపాటు ఇంకో ఐదుగురు అరుస్తున్నారు' అని నమ్మించారు. నిజానికి అప్పుడూ అరుస్తున్నది ఒక్కడే. ఆరుగురు ఉన్నామనుకున్నప్పుడు ఆ ఒక్కడి గొంతు తన బలంలో 74 శాతానికి పడిపోయింది. వాళ్ళు దొంగపని చేస్తున్నామని అనుకోలేదు, అంతా గట్టిగానే అరిచామనుకున్నారు. 1981లో ఆ ముగ్గురే మరో మెట్టు ఎక్కారు. ఎవరి అరుపు ఎంతో విడిగా కొలుస్తున్నామని చెబితే ఆ తగ్గుదల మాయమైపోయింది. గుంపులో ఉన్నా సరే.

భామాకలాపంలో సత్యభామ ప్రవేశం గుర్తు తెచ్చుకోండి. ఇద్దరు తెర పట్టుకుంటారు. దాని మీదుగా నగలతో బరువెక్కిన జడ ఇవతలికి పడుతుంది. నన్ను మించినవాళ్ళుంటే రండి అని సవాలుగా వేసిన జడ అంటారు. తెర వెనక ఉన్నది ఎవరి కొడుకో, ఎవరి శిష్యుడో ఊళ్ళో ప్రతివాళ్ళకీ తెలుసు. తెర తీశాక ఆ ప్రవేశ దరువులో దాక్కోవడానికి చోటే లేదు. అరిచిన గొంతును విడిగా కొలవడం అంటే ఇదే. పక్కనే తాళాలు పట్టుకుని సూత్రధారుడు ఉంటాడు. పాట అతనిదే, పాత్రను ప్రశ్నలు వేసి కథ నడిపే మాటా అతనిదే, ఎవరైనా తడబడితే అందుకోవలసిందీ అతనే. చెలికత్తె మాధవిగా మారిపోయి సత్యభామను కవ్వించేదీ అతనే. ప్రతివాడికీ తన వంతు ఉంది, తప్పితే పట్టుకునేవాడూ ఒకడున్నాడు. బాధ్యత అనే గుణం గాల్లోంచి ఊడిపడదు. ఇలాంటి ఏర్పాట్లలో పెరుగుతుంది.

ఈ మాటకు వెనక పాత సాక్ష్యం ఉంది. 1928లో హ్యూ హార్ట్‌షోర్న్, మార్క్ మే అనే ఇద్దరు అమెరికాలో దాదాపు పదకొండు వేలమంది పిల్లల నిజాయితీని పరీక్షించిన పుస్తకం వేశారు. పరీక్షలో కాపీ కొట్టడానికి, చిల్లర డబ్బులు జేబులో వేసుకోవడానికి, ఆటలో దొంగలెక్క చెప్పడానికి వీలు కల్పించి చూశారు. లెక్కల పరీక్షలో కాపీ కొట్టినవాడు డబ్బు ముట్టుకోలేదు, డబ్బు తీసినవాడు ఆటలో నిజమే చెప్పాడు. 'నిజాయితీపరుడు' అనే ఒక్క ముద్ర వేయగల పిల్లలు చాలా తక్కువ. తర్వాతివాళ్ళు ఆ లెక్కల్ని కలిపి చూసి, ఎన్నో సందర్భాల సగటు తీస్తే మనిషికో స్థిరమైన మొగ్గు కనిపిస్తుందని సరిదిద్దారు. ఆ సవరణను కలుపుకున్నా ఒకటి స్పష్టం. ఒకచోట అలవడిన శీలం ఇంకోచోటికి దానంతటదే నడిచిపోదు. మేళంలో తాళం తప్పని మనిషి అప్పు తీర్చడంలోనూ వాయిదా తప్పడని ఎవరూ హామీ ఇవ్వలేరు.

సిద్ధేంద్రుడి మాటకు రెండో వైపు కూడా ఉంది. దాన్ని దాటేస్తే ఈ అధ్యాయం భజన అయిపోతుంది. 'ప్రతి ఒక్కడూ' అన్నప్పుడు ఆ ఒక్కడు బ్రాహ్మణ మగపిల్లవాడు. ఆ ఇళ్ళల్లోనే పుట్టిన ఆడపిల్ల సత్యభామ కాలేదు. సొంతంగా గొప్ప కలాపం సంప్రదాయం ఉన్న కళావంతుల స్త్రీలకు దేవదాసీ వ్యతిరేకోద్యమ కాలంలో గౌరవమూ, జీవనోపాధీ రెండూ పోయాయి. వాళ్ళ ఏకాగ్రతకూ సాధనకూ ఏ లోటూ లేదు. హర్షిత మృత్యింటి కామత్ 2019లో వెలువరించిన పుస్తకం, కూచిపూడి మగవాళ్ళ స్త్రీ వేషం చుట్టూ కులమూ పురుషత్వమూ ఎలా అల్లుకున్నాయో వివరంగా చర్చించింది. వ్యక్తిగత బాధ్యత గురించి మాట్లాడేవాళ్ళు ముందు అడగాల్సిన ప్రశ్న, వంతు ఎవరికి దక్కింది, ఎవరికి దక్కలేదు అనేది.

ఆ తలుపు తెరుచుకోవడానికి ఊరివాళ్ళే కొందరు చెయ్యి వేశారు. వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రి ఏకవ్యక్తి నాట్యానికి బాట వేసి, స్త్రీలకు నేర్పారు. ఆయన శిష్యుడు వెంపటి చినసత్యం మద్రాసు చేరి 1963లో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టారు. అక్కడ సత్యభామ వేషం అమ్మాయిలకు వచ్చింది. అదే కాలంలో ఊళ్ళో వేదాంతం సత్యనారాయణశర్మ సత్యభామగా, ఉషగా మగవాళ్ళ స్త్రీ వేషాన్ని శిఖరానికి చేర్చి 1970లో పద్మశ్రీ అందుకున్నారు. ఇద్దరూ 2012లోనే కన్నుమూశారు. ఒకరి దారి రెండోవారి దారికి ఎదురుగా ఉన్నట్టుంటుంది, సాధన మాత్రం ఒక్కటే.

సత్యనారాయణశర్మ లాంటివాళ్ళ గురించి ఆలోచిస్తే 2006లో బెయాట్రిస్ కాల్వో మెరినో లండన్‌లో చేసిన పరిశోధన ఒకటి ఆసక్తిగా ఉంటుంది. బాలేలో కొన్ని కదలికలు ఆడవాళ్ళే చేస్తారు, కొన్ని మగవాళ్ళే. కలిసి సాధన చేస్తారు కనక రెండు రకాలూ రోజూ చూస్తూనే ఉంటారు. మెదడు స్కానింగ్ యంత్రంలో పడుకోబెట్టి రెండు రకాల కదలికల వీడియోలూ చూపిస్తే, తాము స్వయంగా చేసేవాటిని చూసినప్పుడే కదలికలకు సంబంధించిన మెదడు ప్రాంతాలు ఎక్కువగా స్పందించాయి. ఏళ్ళతరబడి చూసినది వేరు, ఒకసారైనా ఒళ్ళు వంచి చేసినది వేరు. దీన్నిబట్టి ఒక ఊహ చేస్తాను. స్త్రీ నడకను, అలకను, చూపును ఒంటికి పట్టించుకున్న మగవాడు ఎదురుగా ఉన్న స్త్రీ కదలికను మనలా చూడడు. ఒక్కసారైనా వేషం కట్టాలన్న ఆ నియమంలో, ఉద్దేశం ఏదైనా, చూసి ఊరుకునేవాణ్ణి చేసేవాడిగా మార్చే బలం ఉంది.

ఇప్పుడు ఊళ్ళో తెలుగు విశ్వవిద్యాలయం నాట్య కళాపీఠం ఉంది. ఏ ఇంట్లో పుట్టినవాళ్ళయినా, ఆడైనా మగైనా నేర్చుకోవచ్చు. నాట్యం నేర్చుకునే ఉద్దేశం మీకు లేకపోవచ్చు. లెక్కలో, ఇంగ్లీషో, పొద్దున్నే నడకో, మానాల్సిన సిగరెట్టో, ఏదో ఒకటి మీ మనసులో ఉండే ఉంటుంది. ఎన్నాళ్ళకు అలవాటవుతుంది అని అడుగుతారు. ఫిలిప్పా లాలీ, ఆమె సహచరులు లండన్‌లో 96 మందిని పరిశీలించి 2010లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, కొత్త పని ఆలోచించకుండా చేసే స్థితికి రావడానికి సగటు మనిషికి 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులే, కొందరి లెక్క 254 రోజుల దాకా పోయింది. ఇరవై ఒక్క రోజుల్లో జీవితం మారుతుందని చెప్పేవాళ్ళ దగ్గర ఆ అంకెకు ఆధారం అడగండి. అన్నట్టు, ఆ అధ్యయనంలోనే మరో మంచి కబురు ఉంది. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు చెడలేదు. తప్పిన మర్నాడు మళ్ళీ చేయాలి, అంతే.

పీటర్ గోల్విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దశాబ్దాలపాటు చెప్పింది కూడా చిన్న మాటే. 'బాగా చదవాలి' అనుకునేవాళ్ళ కన్నా, 'రాత్రి అన్నం తిని కంచం కడగ్గానే వరండాలో కూర్చుని రెండో చాప్టరు తీస్తాను' అని వేళా చోటూ ముందే ముడివేసుకున్నవాళ్ళు పని పూర్తి చేస్తారని. అతనూ పాస్కల్ షీరన్ కలిసి 2006లో 94 పరీక్షల ఫలితాలు కూర్చి చూశారు, తేడా చెప్పుకోదగ్గంత ఉంది.

కనుక ముందు పనిని చిన్నది చేసుకోండి. దాని వేళా, చోటూ ఒక కాగితం మీద రాయండి. ఆ వేళకు ఫోను ఇంకో గదిలో పెట్టండి. తప్పు ఎక్కడుందో చూపించగల మనిషి ఒకరిని వెతకండి. అన్నో, పిన్నో, పాత మాస్టారో, ఎవరైనా ఫరవాలేదు, మీకు మొహమాటం ఉన్నవాళ్ళయితే మరీ మంచిది. వారానికొకసారి ఆ మనిషికి లెక్క చెప్పే రోజు ఏదో ఖాయం చేసుకోండి. ఫలానా రోజు వచ్చి చూపిస్తానని ఇవాళే ఫోన్ చేసి చెప్పండి.